కదలని వోల్టేజ్

"యరమరస్ విద్యుత్ కేంద్రాన్ని ఆపేసే సిగ్నల్ సిరవారలోని వడ్ల గోడౌన్ నుంచే వెళ్తుంది," అంది చీఫ్ మాధవీలత ఫోన్లో. "ట్రాన్స్‌మిటర్ ఆన్ అయ్యాకే దాడి. ముందే వెళ్తే విదేశీ ముఠా జారిపోతుంది. ఆలస్యమైతే జిల్లా అంతా చీకటే. రీడింగ్ మీద కన్నేసి ఉంచు, తేజా."

ఏజెంట్ ధర్మతేజ కన్నేసే ఉంచాడు. అతనూ, తోటి ఏజెంట్ లహరీ భార్యాభర్తల వేషంలో గోడౌన్ ఎదురింటి మేడమీద అద్దెకు దిగారు. వై-ఫై మెకానిక్‌లా లోపలికెళ్లి, ట్రాన్స్‌మిటర్‌కి స్మార్ట్ ప్లగ్ తగిలించి వచ్చింది లహరే. ట్రాన్స్‌మిటర్ ఆన్ అయితే యాప్‌లో వాట్లు ఎగరాలి. పొద్దుట్నించీ పన్నెండు వాట్లే.

గోడౌన్ ముందు మాత్రం కార్లు ఆగుతూనే ఉన్నాయి. ధర్మతేజకి అనుమానం వచ్చింది. యాప్ మూసి తెరిచాడు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాడు. అలాంటిదే ఇంకో ప్లగ్‌ని ఇంట్లో ఇస్త్రీపెట్టెకు పెట్టి చూశాడు. అది సరిగ్గానే చూపించింది.

"చవక సరుకు తేజా, రీడింగ్ తప్పులు మామూలే," అని నవ్వింది లహరి. ఆ నవ్వు చూస్తే ఎవరైనా నమ్ముతారు. ఈ మిషన్ అయ్యాక నిజంగానే పెళ్లి చేసుకుందామా అని అడగాలనుకున్నాడు ఈ పిచ్చి మారాజు.

ఉన్నట్టుండి ఫ్యాన్ నీరసించింది.

"బాబూ, త్రీఫేజ్ వచ్చిందయ్యా!" కింద నుంచి ఇంటావిడ బుల్లెమ్మ కేక. "అందరూ ఆటో స్టార్టర్లు పెట్టొదిలేశారుగా, పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారే లేచాయి. ఫ్రిజ్ ఆపెయ్యండి, కాలిపోద్ది!"

ఇస్త్రీపెట్టె ప్లగ్‌లో వోల్టేజ్ నూట ఎనభైకి పడిపోయింది. గోడౌన్ ప్లగ్‌లో రెండొందల ముప్ఫై చెక్కుచెదరలేదు. రోడ్డుకి రెండువైపులకీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే.

చెడిపోయిన ప్లగ్ అయినా కాస్త ఊగాలి. ఊగలేదంటే అది కొలవడమే లేదు, ఎవరో ఆ అంకెలు తయారుచేసి పంపుతున్నారు. ఆ ప్లగ్ పెట్టొచ్చింది లహరి. ఢిల్లీలో పెరిగిన మనిషికి కాలవ కింద మోటార్ల సంగతి ఏం తెలుస్తుంది?

"ఇక్కడ వోల్టేజ్ పడింది. అక్కడెందుకు పడలేదు, లహరీ?"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. "నిన్ను చంపొద్దని వాళ్లని అడిగాను, తేజా."

పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి! పిస్టల్ పైకి లేచేలోపు ధర్మతేజ ఆమె మణికట్టు మెలిపెట్టి, కిటికీ ఊచకు బేడీ వేశాడు. ఆ చెయ్యి వదలడానికి ఇప్పటికీ మనసు రాలేదు. అందుకే తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ పన్నెండు వాట్లూ అబద్ధమైతే ట్రాన్స్‌మిటర్ ఈపాటికే ఆన్ అయి ఉంటుంది. కింద కాచుకున్న మఫ్టీ పోలీసులతో గోడౌన్‌లోకి దూసుకెళ్లాడు. వడ్ల బస్తాల వెనక ట్రాన్స్‌మిటర్ స్క్రీన్ మీద అంకెలు తగ్గుతున్నాయి. మూడు... రెండు... ధర్మతేజ యాంటెన్నా వైరు పీకేశాడు. సిగ్నల్ గోడ దాటలేదు. ముఠా మొత్తం దొరికింది.

సాయంత్రం అతను సామాను సర్దుకుంటుంటే బుల్లెమ్మ మేడెక్కి వచ్చింది.

"లహరమ్మ జీపెక్కి పోతుంటే చూశానయ్యా. మొహమైనా తిప్పలేదు. పుట్టింటికా?"

"అవునండీ. ఇక రాదు."

"బంగారంలాంటి పిల్ల. నువ్వే ఏదో అనుంటావు."

"ఏమీ అన్లేదండీ," అన్నాడు ధర్మతేజ. "వోల్టేజ్ ఎందుకు పడలేదని అడిగాను, అంతే."