బండ మీది జపాన్ అక్షరం

ఓర్వకల్లు దాటినాక, రాతి గుట్టల మొదట్లో మూతబడిన బండల పాలిష్ షెడ్డు ఒకటుంది. పొద్దు గూకితే ఆ దారిన ఎవరూ పోరు. లోపల చాక్‌పీసు గీకుతున్న చప్పుడు… తెల్లారి చూస్తే బండ మూలన అంతుపట్టని రాత! పాలిష్ పట్టినవాడు బండ మూలన తన గుర్తు వేసి పక్కన పెట్టడం, షెడ్డు నడిచిన రోజుల్లో పద్ధతి. మరి మనిషే లేని షెడ్డులో గుర్తులు వేస్తున్నది ఎవరు?

ఇది ఆ గుట్టల్లో గొర్లు కాసే నాగక్క చెప్పగా విన్నది.

దీవెన మొగుడు అరుణ్ కుమార్ ఒకప్పుడు ఆ షెడ్డులోనే పాలిష్ పట్టేవాడు. జపాన్‌లో పని దొరికిందంటూ ఏడు నెలల కింద బెంగళూరు బస్సెక్కాడు. నెల తిరక్కుండానే ఫోన్ మూగబోయింది. అత్త రాహేలమ్మ ఏడ్చి ఏడ్చి చివరికి ఒక మాట అనేసింది. “వాడు లేడు తల్లీ. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టిస్తా.”

కూడిక పెడితే మొగుడు చచ్చాడని తనూ ఒప్పుకున్నట్టే కదా! దీవెనకు అన్నం సయించలేదు.

శుక్రవారం నాగక్క ఆ రాతను ఫోన్‌లో ఫోటో తీసి తెచ్చింది. “మీ ఆయన పోకముందు తెచ్చుకున్న జపాన్ భాష పుస్తకంలో ఇట్లాంటివే ఉండె గదా పాపా…”

దీవెన కర్నూలుకు పరుగెత్తింది. జపాన్ భాష నేర్పే వెంకటేశ్వర్లు సార్ ఫోటో చూశాడు. 待.

“ఎదురుచూడడం అని అర్థం అమ్మా. బస్సు కోసమైనా, మనిషి కోసమైనా ఇదే. కాస్త ఆగమని చెప్పాలన్నా ఇదే రాస్తారు.” కళ్లజోడు సర్దుకున్నాడు. “ఎవరినైనా రమ్మని ఆహ్వానించే మాటలో కూడా ఈ అక్షరం ఉంటుంది.”

రమ్మని పిలవడం! ఆమె ఒళ్లు జలదరించింది. చచ్చినవాడు తనను పిలుస్తున్నాడా?

శనివారం రాత్రి… తెల్లారితే కూడిక. దెయ్యమైనా సరే, ఒక్కసారి చూడాలి. పిచ్చి పట్టినదానిలా ఒంటరిగా పోయింది.

షెడ్డు నిండా చీకటి. కర్ర్… కర్ర్… చాక్‌పీసు చప్పుడు.

“ఎవరు?” అంది.

చప్పుడు ఆగింది.

ఫోన్ లైటు వేసింది. ఒకటి కాదు, రెండు కాదు — బండలన్నిటి మీదా అదే అక్షరం. వాటి మధ్య గడ్డం పెరిగిన ఆకారం… ముందు పాదాల వైపు చూసింది. వెనక్కి తిరిగి లేవు.

“దీవెనా… లైటు ఆర్పు. నన్ను చూడొద్దు.”

“నువ్వా… జపాన్‌లో లేవా?”

“జపాన్ యాడిది? బెంగళూరే దాటలేదు. వీసా వస్తాది, ఆగండి, ఆగండి అని క్లాసులో కూర్చోబెట్టి, ఏజెంటు పరారైనాడు. మీ మొగం చూసే ధైర్యం లేక ఫోన్ ఆపేసి, గుట్ట అవతల కంకర పనికి పోతాండా. రాత్రికి ఈడ పండుకుంటాండా.”

“మరి ఈ రాత?”

“వాళ్లు నేర్పినదాంట్లో నాకు వచ్చింది ఈ ఒక్కటే.”

చెంప మీద ఒక్కటి పీకింది. మళ్లీ ఆ చెంపనే పట్టుకుని భోరున ఏడ్చింది.

“లెయ్,” అంది చివరికి. “పొద్దున నీ జ్ఞాపకార్థ కూడిక ఉండాది. నువ్వే వచ్చి మీ యమ్మకు చెప్పు.”