ఎముక పొడి

హొసూరు నుంచి క్రిష్ణగిరి పోయే దారిలో ఒక మెడికల్ కాలేజీ ఉంది. చీకటిపడితే అక్కడి ఎముకల గది వైపు కుక్క కూడా పోదంటారు. చెవి ఆపరేషన్ నేర్చుకునే డాక్టర్లు చచ్చినవాళ్ళ చెవి ఎముకలకు డ్రిల్ పెట్టేది ఆ గదిలోనే. డ్రిల్ ఆగాక... ఎవరో మూలుగుతారని చెప్పుకునేవాళ్ళు.

అక్కడే చెవి ఆపరేషన్ నేర్చుకుంటున్న మంజుశ్రీ ఆ మాటకు నవ్వేసేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. బర్గూరు రైతుబిడ్డ, చీకటికి జడిసే రకం కాదు. ఆమె భయమంతా పరీక్షపెట్టే జనార్ధనరావు సారంటేనే. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే మనిషి చెవి మీద చెయ్యి వేయనివ్వరు, చదువు మానుకుని ఇంటికి పోవాల్సిందే.

ఆ రాత్రి, తెల్లారితే సారుకు చూపించాల్సిన ఎముకను తొలుస్తూ కూర్చుంది. వాచ్‌మన్ నాగేశప్ప గడప దాటి లోపలికి రాలేదు.

"చాలించి రామ్మా... ఈడ మంచిది కాదు."

"ఇంకొంచెమే నాగేశప్పా, నువ్వు పో."

పోయాడు. ఇక డ్రిల్ రొద ఒక్కటే. ఎముక లోపల తెల్లటి దారంలా ఒక నరం – మూతిని, కనురెప్పను ఆడించేది అదే – దాన్ని తాకకుండా పక్కనుంచి పోవాలి. సన్నగా... ఇంకా సన్నగా... చెయ్యి జారింది.

నరం తెగింది.

ఏడుపు ముంచుకొచ్చింది పాపం. ఆ తర్వాతే బుద్ధి గడ్డి తిన్నది. డ్రిల్ రాల్చిన ఎముక పొడిని జిగురుతో మెదిపి, తెగినచోట మెత్తి, నున్నగా రుద్దేసింది. చచ్చినవాళ్ళకు నొప్పేమిటిలే అనుకుంది.

అప్పుడు వినిపించింది – చెవి పక్కనే, ముసలి గొంతు...

"ఈ కన్ను మూసేకి అయితా లేదమ్మా..."

తిరిగి చూస్తే ఎవరూ లేరు. చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తింది.

పొద్దున సారు మైక్రోస్కోపులో చూసి, "నరం జోలికే పోలేదే! భేష్. రేపు ఆపరేషన్లో డ్రిల్ నువ్వే పట్టు" అన్నారు. మంజుశ్రీ సరేనని తలూపింది.

మరుసటిరోజు ఆమె థియేటర్లోకి వచ్చేసరికి, మత్తూరు ముసలామె మారక్కకు మత్తిచ్చి పడుకోబెట్టారు. సారు కాసేపు చూసి, పాసైన చెయ్యే కదా అని పక్క టేబులుకు పోయారు. సన్నగా... ఇంకా సన్నగా...

సాయంత్రం వార్డులో మారక్కకు మెలకువ వచ్చింది. మూతి ఒక పక్కకు లాగేసింది. ఒక కన్ను తెరిచింది తెరిచినట్టే ఉండి నీరు కారుతోంది. మంచం పక్కన నిలబడిన మంజుశ్రీ చెయ్యి కోసం తడుముకుంటూ ముసలామె నోరు విప్పింది. మంజుశ్రీ ఆ గొంతును గుర్తుపట్టింది.

"ఈ కన్ను మూసేకి అయితా లేదమ్మా..."