సూది పట్టిన చెయ్యి

భర్త అడిగిందల్లా చెయ్యడం సేవ అవుతుందా, పాపమవుతుందా? కొన్నేళ్ళుగా ప్రతి ఉదయం ప్రార్థన ముగించి లేవగానే ఆమెను పట్టుకునే సందేహం ఇదే! జోడించిన ఆ చేతులతోనే ఫ్రిజ్ తెరిచి, చిన్న సీసాలోని మందు సిరంజిలోకి లాగి, ఆయన పొట్ట మీద గుచ్చేది. జిమ్‌లో కోచ్ ఆయన. అంతంత బరువులెత్తే మనిషి, సూదిని చూస్తే మాత్రం గట్టిగా కళ్ళు మూసుకునేవాడు!

"వీటిని పెప్టైడ్స్ అంటారు. కీళ్ళనొప్పులు పోతాయి, వయసు కనబడదు. జిమ్‌లో అందరూ వాడుతున్నారు. నాకు డాక్టరే రాసిచ్చాడు," అన్నాడు మొదట్లో. యాభై దాటిన కోచ్ దగ్గరికి ఎవరొస్తారన్న ఆయన బెంగ ఆమెకు తెలుసు. కాదనలేకపోయింది...

ఇప్పుడాయన ఆసుపత్రి మంచం మీదున్నాడు. గుచ్చినచోట చీముపట్టి, విషం రక్తంలోకి పాకింది. రెండు ఆపరేషన్లయినా జ్వరం దిగలేదు. "ఆ సీసాలో ఏం కలిసిందో ఎవరికి తెలుసమ్మా! మా ప్రయత్నం మేం చేశాం... దగ్గరే ఉండండి," అని డాక్టరు వెళ్ళిపోయాడు.

కూతురు తల్లి మీద విరుచుకుపడింది.

"నువ్వే కదమ్మా రోజూ గుచ్చావు! సీసా మీద ఏం రాసుందో ఒక్కసారైనా చూశావా?"

"ఏమీ రాసిలేదే తల్లీ..."

"ఏమీ రాయని మందు ఉంటుందా ఎక్కడైనా!"

ఆమె తన చేతుల వంక చూసుకుని కుమిలిపోయింది. మంచం మీంచి సన్నగా గొంతు వినబడింది.

"అమ్మనేమీ అనకు. రాసుండేది... మనుషులకు వాడకూడదని. మీ అమ్మ చూడకముందే ఆ కాగితం నేనే చింపేసేవాణ్ణి. డాక్టరు రాసివ్వలేదు. జిమ్‌కొచ్చే ఒకడి దగ్గర కొన్నాను."

ఆమె నిర్ఘాంతపోయింది. కోపం రావాలి. ఏడుపే వచ్చింది!

"మీరు ముసలివారైతే నాకేమిటండీ? ఇద్దరం కలిసే అయ్యేవాళ్ళం కదా! నన్నొక్కదాన్నే ముసలిదాన్ని చేసి ఎక్కడికండీ మీరు..."

"తప్పంతా నాదే. నీ చెయ్యి నాకెప్పుడూ నొప్పి తెలియనివ్వలేదే..." ఆ చేతినే తడుముకుంటూ పట్టుకున్నాడు. "నీకింకేమైనా బాకీ ఉన్నానా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పెళ్ళైన కొత్తలో క్యారమ్స్‌లో ఓడిపోయి, పాట పాడతానన్నారు. రేపూ రేపూ అంటూ ఇన్నేళ్ళు గడిపేశారు."

"నేను పాడితే పక్కమంచాల వాళ్ళు లేచి పారిపోతారే!"

"పోనివ్వండి."

కూతురు ఏడుస్తూనే నవ్వేసింది. ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. ఏదో పాత పాట... ఒక్కో మాటకీ ఆగుతూ, రాగం తప్పుతూ, మధ్యలో మాటలు మరిచిపోతూ పల్లవి చివరిదాకా పాడాడు. ఆమె ఎక్కడా అందించలేదు. చెయ్యి వదలకుండా వింది.