థార్న్‌వెల్ రిజిస్టర్‌లో యాదవ్వ

సౌభాగ్యమ్మకు ఎనభై నాలుగేళ్లు. మెదక్ రాందాస్ చౌరస్తా పక్కసందులో, మందుల దుకాణం మీది గదికి పద్దెనిమిది మెట్లు. మనవరాలు దేవిక చెయ్యి పట్టుకుంటానన్నా వద్దని విదిలించుకుని, గోడ ఆసరాతో ఒక్కతే ఎక్కి వచ్చింది. వచ్చి కుర్చీలో కూర్చుని, ఆయాసం తీరకముందే అంది.

"మా నాయిన దొంగ కాయితం చేసిండంట. పదిమంది ముంగట అన్నడమ్మా ఆ మనిషి. మా నాయిన జిందగీల ఒకరి గడ్డిపోచ ముట్టలేదు."

బల్ల అవతల కూర్చున్న నర్సమ్మ గ్లాసుతో మంచినీళ్లు ముందుకు జరిపింది. ఆమె ముప్ఫై ఏళ్లు పాత దస్తావేజుల గదిలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ప్రైవేట్ డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్న మనిషి. పక్కన స్టూలు మీద సహాయకుడు పరశురాం నోటుబుక్కు తెరిచాడు. ఒకప్పుడు అతను భూములు కొలిచే సర్వేయర్ల దగ్గర గొలుసు పట్టేవాడు. కాగితం చూసి నర్సమ్మ చెప్పే సంగతులు వినడం కోసమే ఈ పనిలో చేరానని అందరితో అంటాడు.

"మొదటి నుంచి చెప్పుండ్రి పెద్దమ్మా. తొందరేం లేదు," అంది నర్సమ్మ.

చెప్పింది దేవిక. ఆమె శంకరంపేటలో టీచరు. సౌభాగ్యమ్మ నాయనమ్మ పేరు యాదవ్వ. హవేలిఘనపూర్ రోడ్డులో ఒక చిన్న మిషన్ దవాఖాన నడిపిన హాలండ్ దొర ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. 1925లో దొర భార్యకు జబ్బు చేసి కుటుంబమంతా ఇంగ్లండ్ వెళ్లిపోతూ, పిల్లలు ఆమెను వదలడం లేదని యాదవ్వను కూడా ఓడ ఎక్కించుకుపోయారు. రెండేళ్లలో పంపిస్తామన్నారు. పదేళ్ల కొడుకు గాలయ్య ఇక్కడే ఉండిపోయాడు. ఆమె తిరిగి రాలేదు. 1929లో మాత్రం హాలండ్ దొర, దవాఖాన వెనుక తనకున్న జాగాను యాదవ్వ పేరిట దానంగా రిజిస్టరీ చేయించాడు. ఆ జాగాలోనే గాలయ్య ఇల్లు కట్టుకున్నాడు. సౌభాగ్యమ్మ పుట్టింది అందులోనే.

"ఇప్పుడు ఇంద్రకరణ్ సార్ ఆ జాగా నాదంటున్నడు మేడం. హాలండ్ దొర వారసుల దగ్గర కొన్నడంట. అక్కడ ఫంక్షన్ హాల్ కడతడంట. యాదవ్వ 1927లనే ఇంగ్లండ్‌ల చనిపోయిందని కోర్టుల కాయితం పెట్టిండు. చనిపోయిన మనిషికి 1929ల దానం ఎట్ల రాస్తరు, మీ ముత్తాత దొంగ దస్తావేజు పుట్టించిండు అంటున్నడు. సోమవారం వాయిదా ఉన్నది."

"ఆ కాయితం ఆయనకెట్ల దొరికింది?"

దేవిక తలవంచుకుంది. "మేమే తెప్పించినం మేడం. యాదవ్వ ఎన్నడు చనిపోయిందో కోర్టుల రుజువు కావాలని బెంజమిన్ మామ ఇంగ్లండ్‌ల ఆమె ఉన్న ఊరి చర్చికి ఉత్తరం రాసిండు."

బెంజమిన్ సౌభాగ్యమ్మకు మేనల్లుడు, తమ్ముడి కొడుకు. రిటైరైన ఇంగ్లిషు మాస్టారు. లింకన్‌షైర్‌లోని థార్న్‌వెల్ అనే పల్లెలో హాలండ్ కుటుంబం ఉండేదని పాత ఉత్తరాల్లో ఉంది. అక్కడి చర్చిలో ఎవరు పుట్టినా, పెళ్లాడినా, పోయినా రిజిస్టర్లో రాసిపెడతారు. రెండు నెలలకు జవాబు వచ్చింది. దాన్ని చౌరస్తా దగ్గర పరమేశ్ ఇంటర్నెట్ సెంటర్లో జిరాక్స్ తీయించారు. వారం తిరిగేలోగా ఆ కాపీ ఇంద్రకరణ్ వకీలు చేతిలో ఉంది.

నర్సమ్మ కాపీ తీసుకుని చూసింది. నాలుగు వేళ్ల వెడల్పున ఒకే ఒక్క వరుస. పేరు యాదవ్వ. హాలండ్ గారి ఆయా. నివాసం థార్న్‌వెల్. ఖననం ఫిబ్రవరి 14, 1927. చివరి గడిలో అంత్యక్రియలు చేసిన పాస్టర్ సంతకం: హెచ్. పెల్. అంతే.

"ఆమె ఎట్ల పోయిందో మీకెరుకేనా పెద్దమ్మా?"

"ఎరుక లేదు బిడ్డా. ఏ రోగంతోని పోయిందో, ఎవలు మట్టి ఏసిండ్రో తెల్వకనే మా నాయిన సచ్చిపోయిండు. గీ కాయితంల గూడ అది లేదు గద."

ఆ మధ్యాహ్నమే నర్సమ్మ, పరశురాం ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లారు. పరమేశ్ మీద దేవికకు అనుమానం ఉంది. ఇంద్రకరణ్ ఫంక్షన్ హాల్ ప్లాన్ గీసింది అతనే, ఫొటోలు మార్చడంలో ఆరితేరినవాడు కూడా. ఆ మాట చెవిన పడగానే పరమేశ్ కుర్చీలోంచి లేచాడు.

"నేను దొంగనా? బెంజమిన్ సార్ నా దుకాణానికి తెచ్చేటప్పటికే అది గింత ముక్క. మూడు కాపీలు తీసిన, ఇచ్చిన. అసలుది ఆయన జేబుల పెట్టుకొని పోయిండు. కావాలంటే కెమెరా చూసుకోండ్రి."

"చూస్తంలే. హాల్ ప్లాన్ జర చూపియ్యి," అంది నర్సమ్మ.

ప్లానులో రోడ్డు వైపు ఆరు షట్టర్లు ఉన్నాయి. అయిదు కిరాయికి. మూలనున్న ఆరోది మాత్రం ఎవరికో ముందే రాసిచ్చేశారట, పేరు తనకు చెప్పలేదన్నాడు పరమేశ్. పరశురాం అది రాసుకున్నాడు.

బెంజమిన్ ఇంట్లో వాళ్లకు మర్యాదకు లోటు రాలేదు. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మాట్లాడాడు.

"నేనే పెట్టిన మేడం ఈ చిచ్చు. ఉత్తరం రాయకుంటే పీడే లేకుండె. అత్తను చూస్తే కడుపు తరుక్కుపోతది. రాజీ పడుమంటున్న, ఇంటున్నదా?"

"ఇంగ్లండ్ నుంచి వచ్చిన కవరు ఉన్నదా సార్?"

ఉంది. ఆయన బీరువాలోంచి తెచ్చి ఇచ్చాడు. భోజనం పళ్లెమంత పెద్ద కవరు. లోపల వంగకుండా అట్టముక్క. పైన 'మడవవద్దు' అని ఎర్ర ముద్ర.

"దీంట్ల వచ్చింది ఆ ఒక్క ముక్కేనా?"

"అదే మేడం. ఇంకేం లేదు." ఆయన నిట్టూర్చాడు. "ఏం బతుకు చెప్పుండ్రి ఆమెది! సొంత కొడుకును ఇడిచిపెట్టి పోయింది. పరాయి పిల్లలకు గొంతువాపు జ్వరమొస్తే రాత్రి పగలు సాకి, ఆ జ్వరానికే పోయింది."

నర్సమ్మ టీ తాగడం ముగించి, నమస్కారం పెట్టి లేచింది. వీధిలోకి వచ్చాక పరశురాంతో, "ఆఖరికి అన్న మాట ఉన్నదున్నట్టు రాయి," అని మాత్రం చెప్పింది.

మిగిలింది సంతకం. పెల్ అనే పేరు మెదక్ పాత దస్తావేజుల్లో ఎక్కడో చూసినట్టు నర్సమ్మకు గుర్తు. హవేలిఘనపూర్ రోడ్డులో, మూతబడ్డ దవాఖాన పక్కన హాలండ్ దొర నాటి చిన్న చర్చి ఇంకా ఉంది. దాన్ని చూసుకునే ఆవిడ ఇనప్పెట్టె తెరిచి, పాత బాప్తిస్మాల రిజిస్టరు బయటికి తీసింది. చెదలు అంచులు తిన్నాయి గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. నర్సమ్మ 1922 నుంచి పేజీలు తిప్పుతూ పోయింది. 1927 ఫిబ్రవరి దగ్గర ఆగింది. ఆ నెల ఆరున ఇద్దరు పిల్లలకు, పదమూడున ఒకరికి, ఇరవైన మరో ఇద్దరికి బాప్తిస్మం ఇచ్చారు. ప్రతి వరుస చివరా ఒకే సంతకం.

పరశురాం వంగి చూశాడు. "హెచ్. పెల్! మేడం, తోక బారెడున్న 'పి' గూడ అదే!"

"పదమూడు తారీఖు మెదక్‌ల నీళ్లు చల్లిన మనిషి పద్నాలుగున ఇంగ్లండ్‌ల మట్టి ఎట్ల ఏస్తడు పరశురాం? అప్పుడు ఓడల పోవాలంటే మూడు వారాలు పట్టేది."

ఆ రిజిస్టర్లో పెల్ సంతకం 1922లో మొదలై 1930 ఏప్రిల్‌తో ఆగిపోయింది. ఆ పక్కనే వేరే చేతిరాతతో ఒక వాక్యం: పెల్‌గారు థార్న్‌వెల్ చర్చికి బదిలీ అయి వెళ్లారు. అంటే యాదవ్వను పెల్ పాతిపెట్టి ఉంటే అది 1930 తర్వాతే. నర్సమ్మ మొహం ఎర్రబడింది. పరశురాం ఆమెను ఇన్నేళ్లలో ఇంత కోపంగా చూడలేదు.

"బతికున్న మనిషిని ఏండ్ల ముందే సంపిండ్రు. అదీ ఇంత జాగా కోసం," అంది.

ఆ సాయంత్రమే దేవిక చేత థార్న్‌వెల్ చర్చికి ఈమెయిల్ పంపించింది. మూడో రోజు జవాబు వచ్చింది.

శనివారం మధ్యాహ్నం చిన్న చర్చి వరండాలో అందరూ కూర్చున్నారు. సౌభాగ్యమ్మ, దేవిక, బెంజమిన్, పరమేశ్ వచ్చారు. ఇంద్రకరణ్ తెల్ల చొక్కాలో, రాజీకి పిలిచారనుకుని నవ్వుతూ వచ్చాడు.

"పెద్దామెకు ఏదో ఇంత ముట్టజెప్తం. ముసలితనంల కోర్టులెందుకు?" అన్నాడు.

"కూసోండ్రి సార్. ముట్టజెప్పుడు తర్వాత మాట్లాడుదం." నర్సమ్మ లేచి నిలబడింది. మొదట చర్చి రిజిస్టరు తెరిచి, 1927 ఫిబ్రవరి సంతకాలు వరుసగా చూపించింది. "గిది కోర్టుల పెట్టిన కాయితం మీది సంతకం. అదే మనిషి, అదే నెల. ఒక్క మనిషి రెండు దేశాలల్ల ఉండడు. అంటే తారీఖు తప్పు. ఎవలో మార్చిండ్రు."

"ఇంకెవలు, పరమేశే!" అన్నాడు బెంజమిన్. "కంప్యూటర్‌ల ఏమన్న చేస్తడు ఆయన."

"నేను గూడ అట్లనే అనుకుంటుంటి సార్, మీ కవరు చూసేదాక. మడవకుండ అట్ట పెట్టి, ముద్రలేసి, అంత పెద్ద కవర్ల నాలుగు వేళ్లంత ముక్క పంపుతరా? వచ్చింది పేజీ మొత్తం. కత్తిరించింది పరమేశ్ దుకాణానికి పోకముందే. కెమెరాల గూడ కనబడ్డది, మీరు జేబులకెళ్లి తీసింది ముక్కనే."

బెంజమిన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "ముక్కనే వచ్చింది. ఒట్టు."

"అట్లయితే యాదవ్వ గొంతువాపు జ్వరంతోని పోయిందని మీకెట్ల ఎరుక?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"మీ ఇంట్ల ఎవలకు తెల్వదు. మీ తాతకు తెల్వదు, మీ అత్తకు తెల్వదు. ఖననం రిజిస్టర్ల రోగం రాసే గడే లేదు. కానీ ఈ పేజీల ఉన్నది." ఆమె థార్న్‌వెల్ నుంచి వచ్చిన పూర్తి పేజీని దేవిక చేతికిచ్చింది. "అంచు మీద పెల్ దొర సొంతంగ రాసుకున్నడు. అది చదివిన మనిషికే ఆ సంగతి తెలుస్తది. మీరు చదివిండ్రు. దాన్ని కత్తిరించిండ్రు. '34' మీద తెల్ల కాయితం అంటిచ్చి '27' రాసి, తూప్రాన్‌ల జిరాక్స్ తీయించిండ్రు. అక్కడి దుకాణపాయన మిమ్ములను మర్చిపోలేదు, పరశురాం ఊరూరి జిరాక్స్ దుకాణాలు తిరిగి అడిగొచ్చిండు."

ఇంద్రకరణ్ లేచాడు. "ఇది మీ ఇంటి పంచాయితీ. ఆయన ఇచ్చిన కాయితం నేను కోర్టుల పెట్టిన. నాకేం ఎరుక?"

"ఎరుక లేకుంటే మూల షట్టరు ఆయన కొడుకు పేరు మీదికి ఎట్ల వచ్చింది సార్? అగ్రిమెంటు రిజిస్టరయ్యింది. నకలు నా దగ్గరున్నది. తారీఖు గూడ చూడుండ్రి, కవరు వచ్చిన నాలుగో రోజు."

ఇంద్రకరణ్ నవ్వు మాయమైంది. ఫోన్ చెవికి పెట్టుకుని మెట్లు దిగబోతే పరశురాం అడ్డంగా నిలబడ్డాడు. "యాడికి పోతరు సార్? సోమవారం జడ్జిసాబ్ ముంగట ఇదంత చెప్పాలె."

సౌభాగ్యమ్మ మెల్లగా లేచి మేనల్లుడి ముందుకు వెళ్లింది.

"మా నాయిన నీకు తాత గాదుర బెంజమిన్? ఆయన భుజాల మీద ఎక్కి బడికి పోయినవు. ఆయనను దొంగంటుంటే పక్కన నిలబడి ఇన్నవు."

"అత్తా, నన్ను..."

"అత్త అనకు."

బెంజమిన్ అక్కడే కూలబడి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఎవరూ ఆయన వైపు వెళ్లలేదు.

దేవిక చేతిలోని పేజీని వెలుతురు వైపు పెట్టి చదివి, తెలుగులో చెప్పింది. "యాదవ్వ, హాలండ్ గారి ఆయా. ఖననం ఫిబ్రవరి 14, 1934. పక్కన అంచు మీద ఇట్ల ఉన్నది నాయినమ్మా. 'ఊరిలో గొంతువాపు జ్వరం వచ్చినప్పుడు బడిపిల్లలు తొమ్మిది మందిని ఈమె సాకింది. తొమ్మిది మందీ బతికారు. ఈమె బతకలేదు. చివరి రోజు తన కొడుకు పేరు పిలిచింది. నేను ఆమె భాషలో జవాబు చెప్పాను.'"

సౌభాగ్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"ఆ దొరకు మన మాట వచ్చేదా?" అని అడిగింది చివరికి.

"ఎనిమిదేండ్లు ఇక్కడ ఉన్నడు పెద్దమ్మా. వచ్చే ఉంటది," అంది నర్సమ్మ.

"థార్న్‌వెల్ చర్చిల ఇప్పుడున్న పాస్టరమ్మ ఇంకో సంగతి రాసింది," అంది దేవిక. "సమాధి ఏడున్నదో దొరికిందంట. కాని దాని మీద రాయి లేదు. మనం ఒప్పుకుంటే ఊరోళ్లే పెట్టిస్తరంట. యాదవ్వ, హాలండ్ గారి ఆయా అని చెక్కిద్దమా అని అడుగుతున్నరు."

సౌభాగ్యమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆయా అని వద్దు. తొంభై ఏండ్లు ఆ పేరే మోసింది. గాలయ్య తల్లి అని రాయుమను. మెదక్ అని రాయుమను. మన అక్షరాలల్ల రాయుమను, తప్పుల్లేకుంట నువ్వే రాసి పంపు."

దేవిక అక్కడే, చర్చి మెట్ల మీద కూర్చుని, పరశురాం నోటుబుక్కు అడిగి తీసుకుంది.