ఇంకాల రాజు గది

గల్ఫ్‌లోని అజ్మాన్‌లో, సనాయా అనే ఫ్యాక్టరీల పేటలో ఆ చివరి గోదాముకు మంచి పేరు లేదు. పొద్దుగూకితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. ఇద్దరు వాచ్‌మెన్లు చెప్పులు కూడా వదిలేసి పారిపోయారు. లోపల ఎవరో గుసగుసగా అడుగుతారట... మలయాళీకి మలయాళంలో, పఠానుకు పష్తోలో. ఒకటే మాట—

"నిండిందా?"

లోపలున్నది ఒక ఎగ్జిబిషన్ కోసం చేసిన గది. అచ్చం రాతిగదిలా ఉంటుంది. దాన్ని చేసింది జగిత్యాల వైపు నుంచి వచ్చిన వడ్రంగి లచ్చన్న. దాని కథ అప్పుడే విన్నాడు. ఐదొందల ఏళ్ల కింద పెరూలో ఇంకాల రాజును స్పెయిన్ వాళ్లు ఇలాంటి గదిలోనే బంధించారు. ఆయన గోడ మీద చెయ్యెత్తి చూపించి, "ఇక్కడిదాకా బంగారం నింపుతా, వదలండి" అన్నాడు. అన్నట్టే నింపించాడు. వాళ్లు బంగారం తీసుకున్నారు... మెడకు తాడు బిగించారు.

ఇప్పుడా గదిని విప్పే పని కూడా లచ్చన్న మీదే పడింది.

"ఇదొక్కటి విప్పెయ్. ఖలాస్. రాత్రికే నీ పాస్‌పోర్ట్ ఇస్తా" అన్నాడు ముదీర్, అంటే కంపెనీ మేనేజరు. ఈ మాట అనడం ఇది నాలుగోసారి. కానీ ఊళ్లో భార్యకు వచ్చేవారమే ఆపరేషన్. లచ్చన్న సుత్తి పట్టుకుని ఒక్కడే వెళ్లాడు.

మూడు గోడలు విప్పాడు. నాలుగో దానికి చెయ్యి వెయ్యగానే కరెంటు పోయింది.

చల్లగా మెడ మీద ఊపిరి తగిలింది...

"నిండిందా, అన్నా?"

జగిత్యాల యాస. తమ వాడలో మనిషి అడిగినట్టే ఉంది. లచ్చన్న సెల్‌ఫోన్ లైటు వేశాడు— గోడకు ఆనుకుని ఒక మనిషి. చెవులకు బంగారు బిళ్లలు. మెడ చుట్టూ నల్లగా కమిలిన గీత.

లచ్చన్నకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నిండింది దొరా... నిండినంక గూడ నిన్ను ఇడువలే."

ఆ మనిషి జాలిగా అడిగాడు—

"మరి నిన్ను?"

లచ్చన్న సుత్తి పారేసి పరిగెత్తాడు. ఎక్కడా ఆగకుండా రెండు వీధుల అవతలున్న కంపెనీ ఆఫీసుకు చేరాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల కుర్చీ లేదు, బల్ల లేదు, ఫ్యాను కూడా లేదు. పక్క టీకొట్టు అమానుల్లా బయటికొచ్చాడు.

"నీకు చెప్పలేదా భాయ్? మగ్రిబ్ నమాజుకు ముందే లారీ పెట్టి ఊడ్చుకపోయిండ్రు. ఆ ఇనుప అల్మారా గూడ."

లచ్చన్నతో కలిపి పద్నాలుగు మంది పాస్‌పోర్టులు ఆ అల్మారాలోనే ఉన్నాయి.