నాలుగుసార్లు బాగుచేసిన బండి

"నేను దొంగను కానని రుజువు చేయాలె సార్" అన్నాడు హబీబుద్దీన్, ఇంకా సరిగ్గా కూర్చోకముందే. కుర్చీని బల్ల దగ్గరికి బర్రున లాక్కుని, డిటెక్టివ్ యోహాను ముఖంలోకి తేరిపార చూశాడు.

యోహాను పదిహేనేళ్లు ఇన్సూరెన్సు సర్వేయరుగా విరిగిన బండ్లు చూసి చూసి విసిగి, జగిత్యాలలో ఒక మేడ మీద ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. ఈ ఊళ్లో డిటెక్టివ్‌కు పనేముందని నవ్వినవాళ్లే తర్వాత పెళ్లి సంబంధాల ఆరా కోసం వరస కట్టారు. ఆయన అసిస్టెంటు దీప్తి. యోహాను తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉండే ఉంటుందని నమ్మే పిల్ల.

"మొదటి నుంచి చెప్పుండ్రి" అన్నాడు యోహాను.

"కోరుట్లల బండ్ల రిపేరు దుకాణం నాది. ముప్పై ఏండ్ల సంది గిదే పని. సారంగాపూర్ బాపు రావు సాబ్ పసుపు చేన్ల తిరగనీకి మోటర్ సైకిల్ లెక్క ఎక్కి తోలే నాలుగు చక్రాల బండి కొన్నడు, సెకండ్ హ్యాండ్‌ది. గట్టు దిగేటప్పుడు సైలెన్సర్ తుపాకీ లెక్క పేలుతది. నాలుగుసార్లు బాగుచేసిన. దుకాణంల మంచిగనే ఉంటది, చేన్లకు పోంగనే మల్ల పేలుతది. పోయిన వారం గా చప్పుడుకు బెదిరి జీతగాడు దుర్గయ్య కింద పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. నేను అసలు కార్బొరేటర్ తీసుకొని నకిలీది పెట్టిననని రావు సాబ్ నలుగుట్ల, అందరి ముందట అన్నడు. శుక్రవారం దాక చూసి ఠాణాకు పోతడట."

దీప్తి హబీబుద్దీన్ వెనక నిలబడి, చాయ్ తాగుతారా అని అడిగింది. జవాబు లేదు. మళ్లీ అడిగింది. అప్పుడూ లేదు. ఆమె మూతి ముడుచుకుని తన కుర్చీలో కూలబడింది.

"మీకు ఎవరి మీదన్న అనుమానమా?"

"దుర్గయ్యనే ఏదో కెలుకుతుండనిపిస్తది. దుకాణానికి ఎవ్వలు అస్తలేరు సార్. అచ్చినోళ్లు సుత మాట్లాడరు, మొఖం జూసి పోతరు. దొంగ అన్నంక గీ వయసుల ఎవని ముందట పానా పట్టాలె?"

"ఇంట్ల ఎవరుంటరు?"

"ఎవ్వలు లేరు. బీవీ పోయి రెండేండ్లాయె. కొడుకు ఫరూఖ్ దుబాయ్ పోయి ఆర్నెల్లు. వాడు పోయినంక సిరిసిల్ల దుకాణం బంద్ పెట్టి, బీవీ పుట్టిన ఊరని కోరుట్లకు అచ్చిన. పొద్దుమీకి వీడియోల కొడుకు మొఖం జూస్త. దినమంతల గంతే మాట్లాడుడు."

ఆయన మెట్లు దిగి వెళ్లాక దీప్తి ఆగలేకపోయింది. "శాన గర్వం సార్ ఆయనకు. రెండుసార్లు అడిగితే ఒక్కసారి పలకలే."

"గది సుత రాసుకో" అన్నాడు యోహాను. ఆమె రాసుకుంది, ఎందుకో తెలియకపోయినా.

మర్నాడు పొద్దున ఇద్దరూ సారంగాపూర్ వెళ్లారు. బాపు రావుది ఒకప్పటి దొరల కుటుంబం. దొరతనం పోయి చాలా కాలమైనా గొంతులోంచి మాత్రం ఇంకా పోలేదు.

"మౌనం అర్ధాంగీకారం అన్నరు పెద్దలు" అన్నాడాయన. "మూడోసారి రిపేరప్పుడు ఆయన ఇంజన్ మీద వంగి ఉంటే, వెనక నిలబడి అడిగిన, కార్బొరేటర్ మార్చినవా అని. ఒక్కసారి కాదు, మూడుసార్లు. నోరు తెరవలే. తప్పు చేయనోడైతే నా మీద గయ్యిమనకపోవునా?"

యోహాను బండి కొన్ననాటి ఫొటో అడిగాడు. అందులో కార్బొరేటర్ మీది నంబరును, బండి మీదున్న నంబరును దీప్తి ఒక్కొక్క అంకె చదివి పోల్చింది. రెండూ ఒకటే. బాపు రావు ముఖం వాడింది, కానీ పట్టు వదల్లేదు. "అయితే ఇంకేదో చేసిండు. లేకుంటే ఎందుకు పేలుతది?"

చేతికి కట్టుతో దుర్గయ్య వచ్చాడు. "నేను తోలుడే గని స్క్రూలు ముట్టలేదయ్య. గట్టు దిగుకుంట రేస్ ఇడిస్తె సాలు, టప్పుమంటది."

యోహాను బండి స్టార్ట్ చేసి, వంగి చాలాసేపు విన్నాడు. దీప్తినీ వినమన్నాడు. ఇంజను మోత కింద సన్నగా ఈల లాంటి చప్పుడు ఆమెకు వినిపించింది. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు పైపు మీద వెంట్రుకవాసి పగులు ఉంది.

"ఎవరో బ్లేడుతోని కోసిండ్రు సార్" అంది దీప్తి ఉత్సాహంగా.

"బ్లేడైతే అంచులు నున్నగ ఉంటుండె. ఇది ఎండకు ఎండి పగిలింది. దీంట్ల ఎవ్వని చెయ్యి లేదు."

"మరి నాలుగుసార్లు చూసిన మెకానిక్‌కు ఎందుకు దొరకలే?"

"గది తెల్వాలంటేనే సిరిసిల్లకు పోవాలె."

సిరిసిల్లలో హబీబుద్దీన్ పాత దుకాణం రెండు మరమగ్గాల షెడ్ల మధ్య ఇరుకున ఉంది. పక్క షెడ్డులో గంగమ్మ అనే ఆవిడ నూలు కండెలు చుడుతూ, షెడ్డు అవతలి కొసనున్న భర్తతో మాట్లాడుతోంది. మాటలు పెదవుల మీద, మిగతాది చేతులతో. ఆ మోతలో దీప్తికి ఒక్క ముక్క వినపడలేదు. ఆ మొగుడూ పెళ్లాలకు మాత్రం అన్నీ అర్థమవుతున్నాయి. బయటికి వచ్చాక కూడా గంగమ్మ అరిచినట్టే మాట్లాడింది.

"హబీబ్ భాయా? బంగారమసొంటి మనిషి బిడ్డా. పొద్దంత మాతోనే ముచ్చట. కొడుకు సుత మంచోడు. నాయిన బండి చేసినంక, నాయిన చూడకుంట మల్లొకసారి స్టార్ట్ జేసి, స్క్రూ జెరంత తిప్పి ఇచ్చేటోడు."

"గొప్పలకు పోయే పిలగాడే" అంది దీప్తి.

యోహాను అది కూడా రాసుకోమన్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ లోంచి చూస్తూ, "కేసు తేలింది దీప్తీ" అన్నాడు. "కాని ఇది గెలిస్తే మన క్లయింటే ఓడుతడు. చెప్పకపోతేనేమో దొంగ కిందనే లెక్క." ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని కెలికి లేచాడు.

శుక్రవారం బాపు రావు చేను దగ్గరి షెడ్డులో అందరూ చేరారు. యోహాను హబీబుద్దీన్‌ను తన ఎదురుగా, బండికి వీపు పెట్టి కూర్చోబెట్టాడు. దీప్తి బండి స్టార్ట్ చేసింది.

"బండి ఎందుకు పేలుతుందో ముందు చెప్త" అన్నాడు యోహాను, హబీబుద్దీన్‌కు కనిపించేలా, తొందర లేకుండా. "రబ్బరు పైపు పగిలి గాలి ఎక్కువ జొరబడుతుంది. పెట్రోలు వంతు తక్కువైతది. గట్టు దిగుకుంట రేస్ ఇడిస్తె అది ఇంజన్ల సరిగ మండదు. మండనిది పోయి కాలుతున్న సైలెన్సర్ల పేలుతది. గా పగులు పాతది. ఎవ్వలు చేసింది కాదు. కార్బొరేటర్ అసలుదే."

"గంత చిన్న పగులు ఇంత మెకానిక్‌కు దొరకలేదా?" అన్నాడు బాపు రావు.

యోహాను సైగ చేశాడు. దీప్తి తడిగుడ్డతో పగులును గట్టిగా నొక్కి పట్టింది. ఈల ఆగిపోయింది. ఎగిరెగిరి కొట్టుకుంటున్న ఇంజను ఒక్కసారిగా నిమ్మళించింది. బాపు రావు, దుర్గయ్య ఇద్దరూ చటుక్కున బండి వైపు తిరిగారు.

హబీబుద్దీన్ తిరగలేదు. యోహాను ముఖంలోకే చూస్తున్నాడు, తర్వాతి మాట కోసం.

"హబీబ్ భాయ్, ఇప్పుడు ఇంజన్‌ల ఏం మారింది?"

"ఏం మారలే గద సార్."

యోహాను తన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "భాయ్, కార్బొరేటర్ పనంత చెవి మీదనే నడుస్తది. ముప్పై ఏండ్లు మగ్గాల నడుమ ఉన్నరు. అక్కడ అందరు గట్టిగనే ఒర్లుతరు, పెదవులు జూసి మాట్లాడుకుంటరు. మీకు వినికిడి పోతున్నదని మీకు తెల్వలే, ఊరికి తెల్వలే. ఒక్క ఫరూఖ్‌కే తెల్సు. మీ మనసు నొప్పియ్యొద్దని, మీరు చూడకుంట స్క్రూ సరిచేసేటోడు. వాడు పోయిన ఆర్నెల్ల సందే గీ కష్టమంత. దొరవారు మూడుసార్లు అడిగింది మీ వీపును. మీకు వినపడలే. జవాబు రాకపోతే దొంగ అనుకున్నడు."

హబీబుద్దీన్ మెల్లగా లేచి బండి దగ్గరికి వెళ్లి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించాడు. యోహాను చెప్పగా దీప్తి తడిగుడ్డను ఒకసారి తీసింది, మళ్లీ నొక్కింది. ఆయన చెయ్యి అక్కడే ఉంది. ఇంజను వణుకు మారడం ఆ చేతికి తెలిసింది.

"గందుకేనా" అన్నాడు చెయ్యి తియ్యకుండానే. "కోరుట్లల నాతోని ఎవ్వలు మాట్లాడుతలేరనుకున్న. పక్క దుకాణపాయన, మసీదుల దోస్తులు, అందరు నన్ను ఇడిసిపెట్టిండ్రనుకున్న. ఒక్కన్నే తిన్న, ఒక్కన్నే పండుకున్న. వాళ్లు పిలిచేటోళ్లే కావచ్చు. నేనే పలకలే."

బాపు రావు లేచి చేను వైపు తిరిగి నిలబడ్డాడు. వాళ్ల వంశంలో ఒకరికి క్షమాపణ చెప్పిన వాళ్లు లేరు. ఆ పని ఎలా చెయ్యాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. "తప్పు నాదే హబీబ్. నువ్వు దొంగవు కావు" అన్నాడు పసుపు మొక్కలను చూస్తూ.

దుర్గయ్య విన్నాడు, దీప్తి విన్నది. వినవలసిన మనిషి ట్యాంకు మీద చెయ్యి వేసుకుని, బాపు రావు వీపు వంక చూస్తూ నిలబడ్డాడు.

"దొరా, ఇటు తిరిగి చెప్పుండ్రి" అన్నాడు యోహాను.

బాపు రావు ఇటు తిరిగాడు. నాలుగడుగులు వేసి హబీబుద్దీన్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నువ్వు దొంగవు కావు. నలుగుట్ల అన్న, నలుగుట్లనే మల్ల చెప్త. బండి సుత నీ దగ్గరికే అస్తది, చేతితోనే చూడు."

హబీబుద్దీన్ ఆ పెదవులనే చూశాడు. సగంలోనే కళ్లలో నీళ్లు అడ్డం వచ్చి, చివరి మాటలు కనిపించలేదు. భుజం మీది తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకోసారి చెప్పుండ్రి రావు సాబ్" అన్నాడు.

బాపు రావు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.