సమరయుడి ముఖం

"మా నాన్న రాయి వెయ్యలేదు మేడమ్. అయినా నోరు విప్పట్లేదు," అంది భవ్య, గుంటూరులో డిటెక్టివ్ రెబెకా ఆఫీసులో.

దర్శి దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో రంగుటద్దాల కిటికీ పగిలింది. దారిలో దెబ్బలు తిని పడివున్నవాణ్ణి, బైబిలు కథలోని మంచి సమరయుడు లేవనెత్తే బొమ్మ అది. పక్క మిరపచేను భవ్య తండ్రి పేరయ్యది. చర్చి మైకు మోత మీద గొడవపడ్డాడు కాబట్టి రాయి వేసింది ఆయనేనని సంఘపెద్ద సంజీవరావు కేసు పెట్టాడు.

మధ్యాహ్నానికి రెబెకా, అసిస్టెంటు ముస్తాక్ చర్చిలో ఉన్నారు. సమరయుడి ముఖం ఉండాల్సిన చోట మాత్రమే కంత.

"పోయిన క్రిస్మస్‌కి నేనే చేయించానండి," అన్నాడు సంజీవరావు, గడ్డం మీది పుట్టుమచ్చ గోక్కుంటూ.

"రాయి ఏదండీ?"

"కనపళ్ళేదు. పుల్లమ్మ ఊడ్చేసిందేమో."

చర్చి ఊడ్చే పుల్లమ్మ బూజుకర్రతో గోడవార నిలబడి ఉంది. "లోపలేం పళ్ళేదమ్మా, గాజుముక్క కూడా," అంది.

ముక్కలు మిరపచేలో దొరికాయి. ముస్తాక్ ఏరి తెస్తే రెబెకా ఓపిగ్గా చేర్చింది. గడ్డం మీద పుట్టుమచ్చతో సహా ముఖం తేలింది. ముస్తాక్ ఆమె వైపు ఆరాధనగా చూశాడు.

"పుల్లమ్మకి ఎవరున్నారు?" వెంట వచ్చిన భవ్యను అడిగింది రెబెకా.

"ఎవరూ లేరండి. భర్త పత్తికి మందు కొట్టి రోడ్డు మీద పడిపోయాడు. మా నాన్నే ట్రాక్టర్లో తీసుకెళ్ళాడు. దారిలోనే ప్రాణం పోయింది."

సాయంత్రం సంఘమంతా కూర్చుంది. ఎస్సై పేరయ్యను స్టేషన్ నుంచి తీసుకొచ్చాడు.

"బయటినుంచి రాయి తగిలితే ముక్కలు లోపల రాలాలి," అంది రెబెకా. "అన్నీ చేలోనే ఉన్నాయి. కొట్టింది లోపల్నుంచి. అంత ఎత్తు అందేది బూజుకర్రే, దాని కొసన గాజు గీతలున్నాయి. తాళం ఉండేది పుల్లమ్మ దగ్గర. సంజీవరావు గారూ, సమరయుడికి మీ ముఖం ఎందుకు పెట్టించారు?"

ఆయన చెయ్యి గడ్డం మీది మచ్చని కప్పింది. పుల్లమ్మే మాట్లాడింది.

"ఆ ముఖం నేను ముందే చూశానమ్మా, కారు అద్దం వెనక. మా ఆయన నురగలు కక్కుతుంటే అడ్డంపడి మొక్కా. అద్దం కూడా దించలా, పక్కనించి పోయాడు. ఇప్పుడు రోజూ ఆ ముఖానికి బూజు దులపమంటే ఎట్టా దులిపేది?"



సంజీవరావు లేచాడు. "పేరయ్య మీద కేసు వాపసు తీసుకుంటా. ఎస్సై గారూ, ఈమె మీద రాసుకోండి."

పేరయ్య రెబెకా ముందుకొచ్చాడు. "పగిలినప్పుడు కంతలోంచి ఆమెని చూశానండి. అందుకే నోరు మూసుకున్నా. నన్ను విడిపించమని మా పిల్ల అడిగింది. ఈమెని పట్టివ్వమని మిమ్మల్ని ఎవరడిగారండి?"

ముస్తాక్ తల దించుకున్నాడు. పుల్లమ్మ తాళాలు బల్ల మీద పెట్టి జీపు వైపు నడిచింది.